లేని ఎద్దుల పంచనామా

కాలేజీ గుమాస్తా నన్ను అడిగిన మొదటి ప్రశ్న, మీ నాయిన బతికి ఉన్నాడా అని. ఉన్నాడన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. నా మీద జాలితో అనుకునేరు, కాదు. తండ్రి లేని పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఒక తీరు కాగితం ఉందట, తండ్రి ఉండి బీదవాడైతే ఇంకో తీరు కాగితం ఉందట. తండ్రి నిక్షేపంగా ఉండి, తింటూ, తిరుగుతూ, తలకు రుమాలు చుట్టుకొని సంతకు పోతూ, కొడుకు చదువుకు మాత్రం పైసా పెట్టనని కూర్చుంటే, అలాంటి కొడుకు కోసం సర్కారు ఇంకా కాగితం అచ్చు వేయలేదు.

"ఆయన పానం ఎట్ల ఉంటది?" అని అడిగాడు గుమాస్తా, కళ్లద్దాల మీది నుంచి చూస్తూ.

మంచిగనే ఉంటుందన్నాను. ఆయన నిట్టూర్చి, కలం కింద పెట్టి, చాయ్ తెప్పించుకున్నాడు. నాకు తెప్పించలేదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్లయిన కాలమది. మహబూబ్‌నగర్ కాలేజీలో నాకు పీయూసీలో సీటు దొరికింది. మా ఊరి నుంచి కాలేజీ గడప తొక్కినవాడు అంతకు ముందు ఎవడూ లేడు. కల్వకుర్తి నుంచి అచ్చంపేట పోయే సడక్ మీద బస్సు దిగి, చెల్కల మీదుగా, అంటే మెట్ట చేల మీదుగా, లోపలికి నడిస్తే వస్తుంది మా ఊరు. ఆముదాలు, జొన్నలు, వాన దయ తలిస్తే కందులు పండుతాయి. మాకు కాస్త చెల్క ఉంది, ఒక ఎద్దు ఉంది. ఒక్క ఎద్దుతో నాగలి నడవదు కాబట్టి పక్కింటివాళ్ల ఎద్దును జోడీ కలుపుకొని ఒక రోజు వాళ్ల చేను, ఒక రోజు మా చేను దున్నుకునేవాళ్లం. మా జాగీరంతా అంతే.

కానీ మా నాయినను చూసినవాళ్లెవరూ ఆయనను ఒంటెద్దు మనిషి అనుకోరు. సంతకు పోతే ఉతికిన ధోతి, మడత నలగని రుమాలు, చేతిలో కర్ర. కొనేది ఉప్పూ మిరపకాయలే అయినా ముందు పశువుల సంతంతా కలియతిరిగి, ఎద్దుల పళ్లు చూసి, ధర అడిగి, ఈ జాతి మా భూమికి పనికిరాదని చెప్పి వచ్చేవాడు. అమ్మేవాళ్లు కూడా ఆయన కోసం బీడీ తీసి ఇచ్చేవాళ్లు. అలా ఆ సంతలో ఆయన కొనకుండా వదిలేసిన ఎద్దులతో ఒక ఊరు ఊరంతా దున్నుకోవచ్చు.

నేను మెట్రిక్ పాసై కాలేజీకి పోతానన్న రోజు ఆయన అన్న మాట ఒక్కటే.

"పెట్ట."

ఎందుకు పెట్టవని అడిగితే, నా ఇష్టం అన్నాడు. ఊళ్లో ఎవరైనా అడిగితే ఇంకా ఘనంగా చెప్పేవాడు. నాకేం తక్కువని నా కొడుకు ఒకరికి సలాం కొట్టి బతకాలె, ఉన్న భూమి చూసుకునేటందుకే మనుషులు చాలుత లేరు అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. భూమి ఎంతుందో నాకు తెలియదా? నేను కూడా ఆయన కడుపున పుట్టినవాణ్నే కదా, నోరు ఊరుకుంటుందా. నీ భూమి నువ్వే నెత్తిన పెట్టుకో, నీ పైసతోని నాకు పని లేదు, నీ కండ్ల ముంగటనే సదువుకొని చూపిస్త అని వాకిట్లో నిలబడి అరిచి, సంచి భుజానికి తగిలించుకొని బయలుదేరాను. అమ్మ కొంగులో దాచిన జొన్నరొట్టెలు ఊరి చివరి దాకా వచ్చి సంచిలో పెట్టింది. నాయిన వాకిలి దాటలేదు.

మహబూబ్‌నగర్‌లో ఒక వకీలు సాబు ఇంటి వరండాలో నాకు జాగా దొరికింది. ఆయన పిల్లలకు లెక్కలు చెప్పాలి. బదులుగా రెండు పూటలా తిండి. ఆ పిల్లలకు లెక్కలు రావు, వాళ్లింట్లో వంటమనిషికి వంట రాదు. అట్లా ఇద్దరం సరిపెట్టుకున్నాం. తిండి గడిచిపోయేది గానీ కాలేజీ ఫీజు ఎవరు కడతారు? కులపోళ్ల హాస్టళ్లు రెండు మూడు ఉన్నాయని తెలిసి అక్కడికీ పోయాను. ఒకచోట మీది మా కులం కాదన్నారు. ఇంకొకచోట కులం దగ్గరిదే గానీ శాఖ వేరన్నారు. మా కులంలో హాస్టల్ కట్టేంత ధనవంతుడు ఇంకా పుట్టలేదు. పుట్టినట్టు నటించేవాడు ఒకడున్నాడు, ఆయన మా నాయిన.

ఇక మిగిలింది సర్కారు స్కాలర్‌షిప్. గుమాస్తా చివరికి దయ తలచి నన్ను బీద తండ్రి కొడుకుల వరుసలో చేర్చాడు. మీ నాయిన దస్కత్ చేయకపోయినా పరవాలేదు, గిర్దావరు మీ ఊళ్లో విచారణ చేసి తండ్రి బీదవాడని రాస్తే చాలు అన్నాడు. గిర్దావరంటే నాలుగు ఊళ్ల పట్వారీల మీద అధికారి. దసరా సెలవుల తరువాత కాలేజీ తెరిచేలోగా మంజూరు కాకపోతే మాత్రం పేరు కొట్టేస్తామని కూడా చెప్పాడు. నేను నిశ్చింతగా వరండాకు వచ్చి పడుకున్నాను. మా ఇంటి బీదతనం మీద నాకు అంత నమ్మకం. ప్రపంచంలో ఏది అబద్ధమైనా అది అబద్ధం కాదు అనుకున్నాను.

దసరాకు ఇంకా కొద్ది రోజులుందనగా గుమాస్తా నన్ను పిలిపించాడు. ఈసారి ఆయన ముఖంలో మర్యాద కనిపించింది. కూర్చో అన్నాడు. విచారణ రిపోర్టు వచ్చిందట. అర్జీదారుని తండ్రి సంపన్న రైతు అట. రెండు జతల ఎద్దులు, పాడి బర్రె, నీళ్లున్న బావి, ఇత్తడి బిందెలు వరుసగా పేర్చిన ఇల్లు. కుర్రవానికి బీడీ అలవాటు కూడా లేదు, పెద్దల మాట జవదాటడు అని చివర ఒక వాక్యం. ఇంత కలిగినవాడివి బీద పిల్లల నోటికాడి ముద్ద లాక్కోవడానికి నీకు మనసెట్లా ఒప్పిందని గుమాస్తా నన్ను మెత్తగా కోప్పడ్డాడు. ఆ పొద్దు నేను తిన్నది వకీలు సాబు ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం. అదీ మాడిన అన్నం.

బస్సెక్కి ఊరికి పోయాను. ఎవడో పగబట్టి అబద్ధాలు చెప్పాడు, వాడి సంగతి తేలుస్తానని పళ్లు నూరుకుంటూ పోయాను. మా ఇంటి ముందుకు వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. గోడలకు కొత్తగా సున్నం, గడపకు ఎర్రటి జాజు పూత, వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు ముగ్గు. అమ్మ నన్ను చూసి, చెప్పకుండనే వచ్చినవా కొడుకా అని మురిసిపోతూ కాళ్లకు నీళ్లిచ్చింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచే పిలిచి, పిల్లగాడు సిగ్గుపడుతాండు చూడు అని నవ్వింది. నేను సిగ్గుపడలేదు. నాకు ఏమీ అర్థం కాక నోరు తెరిచి నిలబడ్డాను.

మెల్లగా అడిగితే మెల్లగా తెలిసింది. గిర్దావరు తాను రాకుండా తన జవానును పంపాడు. ఆ జవాను తెల్లటి బట్టలేసుకొని, గొడుగు పట్టుకొని, ఒక పెద్దమనిషి లెక్క వచ్చాడు. పట్వారీ ఆ రోజు తాలూకాకు పోయి ఉన్నాడు. జవాను బావి కాడ ఆడవాళ్లను, చావిడి కాడ మగవాళ్లను అడిగాడు. ఫలానా ఆయనకు భూమి ఎంతుంది, ఎద్దులెన్ని, బావిలో నీళ్లున్నాయా, ఆ కుర్రవాడు ఎట్లాంటివాడు, అలవాట్లేమన్నా ఉన్నాయా అని.

మీరే చెప్పండి. కొత్త మనిషి ఊళ్లోకి వచ్చి ఈ ప్రశ్నలు అడిగితే మా దిక్కు ఎవరైనా ఏమనుకుంటారు? సంబంధం చూడ వచ్చిండు అనుకుంటారు. పిల్లనిచ్చేవాళ్లు మొదట దూరపు మనిషిని పంపి పిల్లవాడి ఇల్లు వాకిలి ఆరా తీస్తారు. ఆ మనిషి తానెవరో చెప్పడు, ఊరివాళ్లూ అడగరు. అట్లాంటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పినవాణ్ని మా ఊళ్లో మనిషని అనరు. పిల్లగాని పెండ్లి చెడగొట్టిండని ఏడు తరాలు ఎత్తి తిడతారు. అందుకని ఊరంతా ఒక్క మాట మీద నిలబడి మమ్మల్ని షావుకార్లను చేసేసింది.

మాటలతో ఆగినా బాగుండేది. ఆరా మనిషి వచ్చాడని తెలిసీ తెలియగానే పక్కింటి పెద్దమ్మ తన ఎద్దును తెచ్చి మా కొట్టంలో మా ఎద్దు పక్కన కట్టింది. వెనక వాడలో వాళ్లు ఒక జతను తోలుకొచ్చారు. ఎవరిదో పాడి బర్రె వచ్చింది. ఇత్తడి బిందెలు నలుగురి ఇళ్ల నుంచి వచ్చాయి. అడగకుండానే తెచ్చారట. మా పెండ్లిళ్లకు నువ్వియ్యలేదా అన్నారట మా అమ్మతో. జవానుకు ఆ బర్రె పాలతోనే చాయ్ పోశారు. ఆయన తాగి, కొట్టంలోకి తొంగిచూసి, ఎద్దులను లెక్కపెట్టుకొని వెళ్లిపోయాడు. పిల్లవాడు బీడీ తాగడని గట్టిగా చెప్పింది తానేనని పెద్దమ్మ గొప్పగా ఒప్పుకుంది. ఎవరిని తిట్టను? ఊరందరూ నా మేలు కోరి నా కొంప ముంచారు.

సంగతి విని అమ్మ కూలబడిపోయింది. పెద్దమ్మ గోడ అవతలికి దిగిపోయింది. నాయిన మాత్రం సావధానంగా విన్నాడు. రిపోర్టులో ఏమేం రాశారో ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. బిందెల ముచ్చట కూడా రాసినారా అని అడిగాడు. రాశారన్నాను. ఆయన మీసం కింద చిన్న నవ్వు. రెండు జతలని సర్కారే రాసిందంటే కాదనడానికి మనమెవరం అన్నట్టుంది ఆ వాలకం. నువ్వు వచ్చి అది తప్పు అని చెప్పు, మాకు లేదు అని చెప్పు, లేకపోతే నా పేరు కొట్టేస్తారు అని బతిమాలాను. బతిమాలడం నాకు రాదు, అయినా బతిమాలాను.

ఆయన రుమాలు సర్దుకొని చేనుకు పోయాడు.

నాకు ఏడుపు వచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపే, వేరే ఏమీ కాదు. నేరుగా గిర్దావరు మకాం ఉన్న ఊరికి నడిచి పోయాను. ఆయన కోస్తా దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది, మర్యాద మాత్రం నిండుగా ఉండేది. సంబంధం ముచ్చట విని కడుపు పట్టుకొని నవ్వాడు. నవ్వడం అయిపోయాక, కానీ ఒక చిక్కుందన్నాడు. ఒకసారి తాను పంపిన రిపోర్టు అబద్ధమని మళ్లీ తానే ఎట్లా రాస్తాడు? తన నౌకరీ ఏం కావాలి? కాబట్టి ఆ రిపోర్టు నిజమే. అది పంపిన తరువాత పరిస్థితి మారిందని రాయాలి. దానికి చావిడిలో అయిదుగురు పంచుల ముందు, అంటే ఊరి సాక్షుల ముందు, పంచనామా చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, మీ నాన్నగారు స్వయంగా వచ్చి తనకు తాహతు లేదని చెప్పాలి. పెట్టను అంటే కుదరదు. పెట్టను అనే తండ్రి ఇంట్లో ఎంతుందో నాకేం తెలుసునండీ, ఆయన లేదు అనాలి అన్నాడు.

అంటే నా చదువంతా మా నాయిన నోటి నుంచి రాని ఒక్క మాట మీద ఆగింది. ఆ మాట ఆయన ఆకలిగా ఉన్నప్పుడు కూడా అనగా నేను వినలేదు. ఇంట్లో గింజలు అడుగంటితే, ఈ పొద్దు కడుపుల మంచిగ లేదు, అంబలి చాలు అనేవాడు తప్ప ఆ మాట అనేవాడు కాదు.

గిర్దావరు వచ్చిన రోజు చావిడి నిండిపోయింది. చేసిన తప్పు దిద్దుకోవడానికి ఊరంతా తయారై వచ్చింది. మొన్న షావుకార్లను చేసినంత హుషారుగా ఈ రోజు మమ్మల్ని బిచ్చగాళ్లను చేశారు. ఆ ఇంట్ల పొయ్యి రాజేసి మూడొద్దులయిందని ఒకరు, వాళ్లమ్మకు కట్టుకునే చీర లేక బయటికే రాదని ఇంకొకరు. మా అమ్మ అప్పుడే అందరికీ కనపడేటట్టు నీళ్లబిందెతో అటు నుంచి పోతూ ఉంది. పెద్దమ్మ ముందుకు వచ్చి, పిల్లగాడు బీడీలు కూడా అడుక్కొని తాగుతడు సారూ అని సాక్ష్యం చెప్పింది. నేను నెత్తి పట్టుకున్నాను. గిర్దావరు కలం ఆపి, మీరెవరూ మాట్లాడకండి అన్నాడు. సంపన్నుడని అప్పటికే రిపోర్టు పోయింది గనుక పట్వారీ తన లెక్కల పుస్తకం తెరవడానికే భయపడి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

మా నాయిన వచ్చాడు. ధోతి, రుమాలు, కర్ర. ఊళ్లో తగాదాలకు తీర్పు చెప్పే పెద్దల వరుసలో కూర్చునేచోటే కూర్చున్నాడు. నాకు ఆశ పూర్తిగా పోయింది. నాకేం తక్కువ అంటాడు, గిర్దావరు కాగితం మడుస్తాడు, నేను సంచి తెచ్చుకోవడానికి మహబూబ్‌నగర్ పోతాను, అంతే అనుకున్నాను. అనుకొని ఆయన ముఖం చూడకుండా తల పక్కకు తిప్పుకున్నాను.

"ఏమయ్యా, కొడుకును చదివించే తాహతు మీకుందా, లేదా?" అని అడిగాడు గిర్దావరు.

నాయిన లేచి నిలబడ్డాడు. కర్రను గోడకు ఆనించాడు.

"లేదు సారూ" అన్నాడు.

"ఏమి లేదు? వివరంగా చెప్పాలి."

"ఏం లేదు. ఒంటెద్దు మనిషిని. ఉంటె సదివియ్యనా?"

నేను తల తిప్పి చూశాను. ఆయన నన్ను చూడడం లేదు, గిర్దావరునూ చూడడం లేదు. ఆ వేసవి నుంచి నేను ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. తోటి పెద్దలు నేల చూస్తూ కూర్చున్నారు.

గిర్దావరు మంచివాడే, కానీ ఆయన ఉద్యోగం ఆయనది. గట్టిగా చదువుతూ రాయించాడు. మొదటి విచారణ నాటికి అర్జీదారుని తండ్రికి రెండు జతల ఎద్దులు, పాడి బర్రె ఉండినవి. తరువాత గొంతువాపు రోగం సోకి ఒక్క ఎద్దు తప్ప అన్నీ చనిపోయినవి, బావి ఎండిపోయినది, బిందెలు అమ్ముకొనినాడు. మా నాయిన తనకు ఎన్నడూ లేని ఎద్దులు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతుంటే నిలబడి విన్నాడు. ఆ ఎద్దుల అసలు యజమానులు పంచుల్లోనే ఉన్నారు. తమ ఎద్దులు చచ్చినట్టు వాళ్లే వేలిముద్రలు వేశారు. చావిడి బయట ఆ ఎద్దులు గడ్డి మేస్తున్నాయి. నాయిన అన్నిటికన్నా చివర ముద్ర వేసి, వేలు రుమాలుకు తుడుచుకున్నాడు. ఉతికిన రుమాలుకు ఆయన అట్లా సిరా తుడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి పోయే తొవ్వలో ఇద్దరమే. మాది నోరుగల వంశం, అవసరమప్పుడు మాత్రం ఆ నోరు పని చేయదు. చివరికి, ముందే లేదని చెప్పి ఉంటే నేను గట్ల అరవకపోదును గద నాయినా అన్నాను.

"లేదని చెప్తె పోయేటోనివా నువ్వు?" అన్నాడు. "నా ఎంబడే నాగలి వట్టుకొని ఈడనే పడి ఉందువు. పెట్ట అన్న గనుకనే గుస్స చేసుకొని పోయినవు."

ఇది ఆయన ముందే అనుకొని చేశాడో, చావిడిలో పోయిన పరువును ఇంటికి చేరేలోపు తిరిగి తెచ్చుకోవడానికి అప్పటికప్పుడు అల్లాడో నాకు ఇప్పటికీ తెలియదు. సంతలో ఎద్దులను వద్దని వచ్చే మనిషికి ఇదొక లెక్కా. అడుగుదామనుకున్నాను, అడగలేకపోయాను. అడిగితే నిజమే చెప్పేవాడేమో అని భయం వేసింది.

మరునాడు పొద్దున ఆయన ఉలవలు చల్లడానికి చెల్క దున్నబోతుంటే నేనూ వెంట పోయాను. పెద్దమ్మ ఎద్దును మా ఎద్దుతో జోడీ కట్టి, నాగలి నేనే పట్టాను. ఆయన గట్టు మీద కూర్చొని చూశాడు. రెండు సాళ్లు కూడా తిన్నగా తోలలేదు, అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఆ రోజు ఆ చెల్కంతా నేనే దున్నుతానని మొండికెత్తాను. కాలేజీ ఒక రోజు ఆగుతుందిలే, రేపు పోతాను అన్నాను.

ఆయన వచ్చి నాగలి నా చేతుల్లోంచి గుంజుకున్నాడు. "బస్సు టైమైతాంది, పో" అని కసిరి, ఎద్దులను అదిలించి, వెనక్కి చూడకుండా దున్నుకుంటూ పోయాడు.